లస్కరు చక్రం: తగ్గని కడుపునొప్పి, పట్టని నిద్ర, ఒక పాప కేసు

నా దగ్గరికి వచ్చినప్పుడు సిరికి పదకొండేళ్ళు, ఆరో తరగతి. గోదావరి జిల్లాల్లో ఒక పట్టణంలో చదివేది. సిరి అసలు పేరు కాదు. కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను. ఈ కేసు రాస్తానని తల్లిదండ్రుల్ని అడిగాను, సిరిని విడిగా అడిగాను. "లాకుల సంగతి కూడా రాయండి" అంది. లాకులంటే కాలవ నీటిని ఆపి వదిలే తలుపులు, వాటి చక్రం తిప్పే మనిషి లస్కరు. ఆ సంగతి తర్వాత వస్తుంది.

నేను క్లినికల్ సైకాలజిస్టుని, మందులు రాయను. పిల్లల గ్యాస్ట్రోఎంటరాలజిస్టు ఒకరు చీటీ రాసి పంపితే నా దగ్గరికి వచ్చారు. ఫంక్షనల్ అబ్డామినల్ పెయిన్ (పరీక్షల్లో వేరే జబ్బేదీ దొరకని కడుపునొప్పి), నిద్ర సరిగా లేదు, హిప్నోథెరపీకి (హిప్నాటిజంతో చేసే చికిత్స) పనికొస్తుందేమో చూడండి అని చీటీలో రాసి ఉంది. దానికి ముందు ఏడాదికి పైగా నడిచిన తిరుగుడు తల్లి చేతిలోని ప్లాస్టిక్ సంచీలో ఫైళ్ళుగా ఉంది.

నేపథ్యం

నా దగ్గరికి రావడానికి ముందు ఏడాది వేసవిలో చుట్టాల పెళ్ళిలో భోంచేసి వచ్చాక ఇంటిల్లిపాదికీ వాంతులు, విరేచనాలు. నాలుగైదు రోజుల్లో అందరూ తేరుకున్నారు. సిరికీ విరేచనాలు కట్టుకున్నాయి, జ్వరం పోయింది. పొట్టలో నొప్పి మాత్రం మిగిలిపోయింది. మొదట్లో వారానికోసారి వచ్చేది, దసరా నాటికి దాదాపు రోజూ అయింది. మరుసటి జూన్‌లో కొత్త స్కూల్లో చేర్చారు. ఐఐటీ ఫౌండేషన్ సెక్షన్. పొద్దున్న ఏడింటికి వ్యాను వస్తుంది, ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరు.

ఈ తేదీల క్రమం ముందే రాసుకోవడం ఎందుకంటే, కడుపునొప్పి అనగానే చదువు ఒత్తిడి మీదకి నెట్టేయడం మనందరికీ అలవాటు. ఇక్కడ నొప్పి ముందు, స్కూలు తర్వాత. స్కూలు దాన్ని పెంచి ఉండవచ్చు, పుట్టించలేదు. పేగుకు ఇన్‌ఫెక్షన్ వచ్చి తగ్గిపోయాక, అక్కడి నరాలు అతిగా స్పందించే స్థితిలో ఉండిపోవడం వైద్యంలో తెలిసిన విషయమే.

ఇంట్లో అమ్మ, నాన్న, అమ్మమ్మ. అమ్మమ్మది డెల్టాలో కాలవగట్టు పల్లె. సిరి సెలవులన్నీ అక్కడే గడుస్తాయి.

వచ్చినప్పటి సమస్య

బొడ్డు చుట్టూ నొప్పి, వారంలో ఐదారు రోజులు. పొద్దున్న టిఫిన్ ముందు కూర్చోగానే మొదలవుతుంది. మధ్యాహ్నం స్కూల్లో ఒకసారి. ఆటలో ఉంటే గుర్తుండదు. రాత్రి దీపం ఆర్పగానే మళ్ళీ. తొమ్మిదింటికి పడుకోబెడితే పదకొండున్నర, ఒక్కోరోజు పన్నెండు దాకా నిద్ర పట్టదు. పొద్దున్న ఆరింటికి లేపాలి. ఆ వయసు పిల్లలకి తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర కావాలి, సిరికి ఆరు గంటలు దక్కుతోంది. నెలలో మూడు నాలుగు రోజులు బడి మానేస్తోంది, ఇంకొన్ని రోజులు స్కూలువాళ్ళే ఫోన్ చేసి తీసుకెళ్ళమంటున్నారు.

"రాత్రిళ్ళు నొప్పితో లేచి కూర్చుంటుందండి" అంది తల్లి.

నేను ఆగింది ఈ మాట దగ్గరే. గాఢనిద్రలో ఉన్న పిల్లని నొప్పి లేపుతోందంటే అది ప్రమాద సూచన. బరువు తగ్గడం, ఎదుగుదల ఆగడం, కారణం తెలియని జ్వరం, మలంలో రక్తం, ఆకుపచ్చ వాంతులు, మింగడంలో కష్టం, కుడివైపే ఉండిపోయే నొప్పి, కీళ్ళ వాపు, ఇంట్లో ఎవరికైనా పేగువాపు జబ్బు ఉండటం లాంటివీ అంతే. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా హిప్నోథెరపీ మాట పక్కన పెట్టి పిల్లని వెనక్కి డాక్టరు దగ్గరికి పంపాలి. మన దగ్గర పొట్టలో క్షయ సంగతి కూడా మర్చిపోకూడదు.

అందుకని ఆ లేవడం ఎలా ఉంటుందో విడదీసి అడిగాను. ముందు మెలకువ వస్తోందా, నొప్పి వస్తోందా? తల్లికి తెలియదు, ఆమె లేచేసరికి సిరి కూర్చునే ఉంటుంది. తెలిసింది అమ్మమ్మకి. ఆవిడది కోడి నిద్ర. "రెండింటప్పుడు కళ్ళు తెరుచుకుని దూలాలకేసి చూస్తా ఉంటదండీ. నేను పలకరిస్తే మాట్లాడద్ది. కాసేపయ్యాక పొట్ట పట్టుకుంటది" అంది. అంటే మెలకువ ముందు, నొప్పి తర్వాత. సిరిని అడిగితే అదే చెప్పింది: "నిద్ర రావట్లేదని తెలిసిపోయాక నొప్పొస్తుందండి." ఈ విషయం డాక్టరు గారికి ఫోన్ చేసి చెప్పాను. ఎదుగుదల చార్టు మీద బరువు, ఎత్తు ఏడాదిగా తన గీత మీదే ఉన్నాయి. రక్త పరీక్షలు, గోధుమ పడకపోతే వచ్చే సీలియాక్ జబ్బు పరీక్ష, మలంలో పేగువాపుని చూపే కాల్‌ప్రొటెక్టిన్ అన్నీ మామూలే. ముందుకు వెళ్దామని ఇద్దరం అనుకున్నాక మొదలుపెట్టాను.

1958లో ఇంగ్లండులో జాన్ ఆప్లీ, నోరా నాయిష్ వెయ్యి మంది బడిపిల్లల్ని పరిశీలిస్తే దాదాపు పదిమందిలో ఒకరికి మళ్ళీ మళ్ళీ వచ్చే కడుపునొప్పి కనిపించింది. నొప్పి బొడ్డుకి ఎంత దూరంగా ఉంటే శరీరంలో కారణం దొరికే అవకాశం అంత ఎక్కువని ఆప్లీ అన్న మాట ఇప్పటికీ పిల్లల డాక్టర్లు చెప్పుకుంటారు. దాన్ని ఆసరాగా తీసుకోవచ్చు గానీ పరీక్షకు బదులుగా వాడకూడదు. ఇలాంటి పొట్ట సమస్యల్ని గుర్తించడానికి నిపుణులు పెట్టుకున్న 2016 నాటి రోమ్-4 ప్రమాణాల ప్రకారం నెలకి కనీసం నాలుగుసార్లు, రెండు నెలలకు తక్కువ కాకుండా నొప్పి ఉండి, తగిన పరీక్ష చేశాక వేరే జబ్బు దాన్ని వివరించలేకపోతే ఫంక్షనల్ అంటారు. సిరి అందులోకి వస్తుంది.

అప్పటిదాకా చేసినవి

నులిపురుగుల మాత్ర వేశారు. ఎసిడిటీ మాత్రలు నెలల తరబడి వాడారు. స్కానింగులో పేగుల దగ్గర గ్రంథులు కనిపించాయని రెండుచోట్ల యాంటీబయాటిక్ కోర్సులిచ్చారు. ఆరోగ్యంగా తిరిగే పిల్లలకి స్కాన్ చేసినా చిన్న చిన్న గ్రంథులు కనిపించడం మామూలే. ఆ రిపోర్టు తల్లిదండ్రుల్ని భయపెట్టినంతగా ఇంకేదీ భయపెట్టలేదు. తండ్రి ఫోన్‌లో దాని ఫోటో ఇంకా ఉంది.

పాలు మానిపించారు, తర్వాత గోధుమ, తర్వాత కారం. అమ్మమ్మ తమలపాకుకి ఆముదం రాసి వెచ్చచేసి పొట్ట మీద వేసింది. బొడ్డు జరిగిందని ఒకాయన చేత తోమించారు. దిష్టి తీశారు. వీటిలో తమలపాకు సిరికి ఇష్టం, మంచి మాట. దాన్ని ఆపమని నేను చెప్పలేదు. తర్వాత అదే పనికొచ్చింది.

నిజంగా కొంత తేడా తెచ్చింది గ్యాస్ట్రో డాక్టరు చేసిన పని. స్కూల్లో మరుగుదొడ్డికి వెళ్ళడం ఇష్టంలేక సిరి నీళ్ళు తాగదు, మలం బిగబడుతోంది. మలాన్ని మెత్తబరిచే పీఈజీ పొడి రోజూ ఇచ్చి, భోజనం తర్వాత పది నిమిషాలు కూర్చోవడం అలవాటు చేయించారు. విరేచనం సాఫీ అయింది, నొప్పి కొంత తగ్గి అక్కడే ఆగింది. ఈ అడుగు వేయకుండా నా దగ్గరికి పంపి ఉంటే నేనే ముందు అది చేయించమనేదాన్ని. మలబద్ధకం తగ్గగానే నొప్పి పూర్తిగా పోతే సమస్య అదే. పోలేదు కాబట్టి మిగిలిన నొప్పి సంగతి చూడాలి.

మధ్యలో ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళారు. "పాపకి ఏదో టెన్షన్ ఉంది, బయటికి చెప్పట్లేదు" అన్నారట. అప్పట్నుంచి ఇంట్లో అందరూ సిరిని రకరకాలుగా తరచి తరచి అడిగారు. ఎవరైనా కొట్టారా, ఏమైనా అన్నారా, వ్యాను డ్రైవరా, సారా. ఈ ప్రశ్నలు అడగాల్సినవే, నేనూ విడిగా కూర్చోబెట్టి అడిగాను. ఏమీ లేదు. లేకపోవచ్చు కూడా. ప్రతి కడుపునొప్పికీ దాచిపెట్టిన రహస్యం ఒకటి ఉంటుందనుకోవడం సినిమాకి బాగుంటుంది. అలా వెతికేకొద్దీ తను చెప్పే నొప్పిని ఎవరూ నమ్మట్లేదన్న సంగతే పిల్లకి అర్థమవుతుంది. సిరి నాతో చెప్పిన మొదటి మాట: "నేను అబద్ధం చెప్పట్లేదండి."

ఏది ఎందుకు ఎంచుకున్నాను

ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి ఒక పోలిక చెప్పాను. చుట్టం వచ్చి కాలింగ్ బెల్ నొక్కాడు, తలుపు తీశాం, లోపలికొచ్చి భోంచేసి వెళ్ళిపోయాడు కూడా. స్విచ్చు మాత్రం ఇరుక్కుపోయింది, బెల్లు మోగుతూనే ఉంది. మోత నిజమే, గుమ్మంలో ఎవరూ లేరు. ఇన్నాళ్ళూ మనం గుమ్మంలోకి టార్చి వేసి వెతుకుతున్నాం. సిరి నవ్వింది. తండ్రి నవ్వలేదు గానీ స్కాన్ రిపోర్టు మళ్ళీ చూపించలేదు.

ఇలాంటి నొప్పికి సీబీటీకి (ఆలోచనల్ని, అలవాట్లని మార్చే మాటల చికిత్స) ఆధారాలున్నాయి, హిప్నోథెరపీకీ ఉన్నాయి. 1984లో మాంచెస్టర్‌లో పీటర్ వోర్‌వెల్ బృందం, ఏ మందుకీ లొంగని ఐబీఎస్ (కడుపునొప్పితో పాటు విరేచనాలో మలబద్ధకమో ఉండే పేగు సమస్య) ఉన్న ముప్పైమంది పెద్దవాళ్ళ మీద హిప్నోథెరపీ పనిచేస్తుందని పరీక్షించి చూపించింది. పిల్లల్లో ముఖ్యమైనది 2007లో నెదర్లాండ్స్‌లో ఆరీనె వ్లీగర్ బృందం చేసింది. ఎనిమిది నుంచి పద్దెనిమిదేళ్ళ మధ్య వయసు పిల్లలు 53 మంది, మూడు నెలల్లో ఆరు సెషన్లు. ఏడాది తర్వాత చూస్తే హిప్నోథెరపీ తీసుకున్నవాళ్ళలో 85 శాతం మందికి బాగైంది, మామూలు వైద్యంలో 25 శాతం మందికి. ఐదేళ్ళ తర్వాత కూడా 68కి 20గా తేడా నిలిచింది. మామూలు వైద్యంలో వచ్చిన ఆ 25 శాతాన్ని నేను ఎప్పుడూ మర్చిపోను. ఏ ప్రత్యేక చికిత్సా లేకుండా నాలుగోవంతు మంది బాగుపడ్డారంటే, ఒక కేసు బాగైనంత మాత్రాన ఘనత నాదని చెప్పుకోలేను.

సిరికి సీబీటీ కంటే ఇది నప్పుతుందనుకోవడానికి కారణాలు వేరు. "ఏం ఆలోచిస్తున్నావు" అన్న ప్రశ్న ఆ ఇంట్లో అప్పటికే అరిగిపోయింది. ఇంకోసారి అడిగితే ముడుచుకుపోతుంది. మరోపక్క కథ చెప్పమంటే కళ్ళు మెరుస్తాయి, అమ్మమ్మ ఊరి సంగతి ఎత్తితే ఆపదు. ఊహలోకి అంత తేలిగ్గా వెళ్ళిపోయే పిల్లకి ఆ దారిలోనే చెప్పడం సులువు.

తండ్రికి అభ్యంతరం ఉంది. మన దగ్గర హిప్నాటిజం అంటే స్టేజి మీద మనిషిని కొయ్యలా పడుకోబెట్టడం, ఉల్లిపాయని యాపిల్ అనుకుని తినడం. బి.వి. పట్టాభిరామ్ గారిలా మేజిక్, సైకాలజీ రెండూ తెలిసినవారు హిప్నాటిజం గురించి జనానికి ఎంత చెప్పినా, జనానికి గుర్తుండేది స్టేజే. "పాప మీ కంట్రోల్లోకి వచ్చేస్తుందాండీ? తర్వాత అలవాటైపోతుందా?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నలే. తల్లి గదిలోనే ఉంటుంది, సిరి ఎప్పుడు వద్దంటే అప్పుడు ఆపేస్తాం, పాత జ్ఞాపకాలు తవ్వడం ఉండదు, చివరికి నేర్చుకుని తనంతట తనే చేసుకుంటుంది. ఇవి చెప్పి, ముందు ఆయన చేతి మీదే చిన్న ప్రయోగం చేసి చూపించాను. కళ్ళు తెరిచే ఉన్నారు, మాట్లాడుతూనే ఉన్నారు, చెయ్యి మాత్రం తేలికై లేచింది. "ఇంతేనా!" అన్నారు. ఇంతే.

కుదరనివి

మొదట నొప్పి డైరీ పక్కన పెట్టించాను. అంతకుముందు ఎవరో రోజుకి నాలుగుసార్లు సున్నా నుంచి పది మధ్య అంకె వేయమన్నారు, తల్లి శ్రద్ధగా వేసింది. ఒక నోటుబుక్కు నిండిపోయింది. అంకెలు మాత్రం నెలనెలా పెరిగాయి. 2006లో అమెరికాలో లిన్ వాకర్ బృందం పిల్లలకి నీళ్ళు తాగించి పొట్ట బిగించే పరీక్ష చేసింది. ఎలా మాట్లాడాలో ఏమీ చెప్పకుండా వదిలేసిన తల్లిదండ్రుల పిల్లలతో పోలిస్తే, పిల్ల బాధనే పట్టించుకున్నవాళ్ళ పిల్లలు రెట్టింపు ఫిర్యాదు చేశారు, మాట మళ్ళించినవాళ్ళ పిల్లలు దాదాపు సగమే చేశారు. ఆశ్చర్యం ఏంటంటే, కడుపునొప్పి పిల్లల తల్లిదండ్రులకి మాట మళ్ళించడమే హాని చేస్తుందనిపించింది. సిరి తల్లికీ అలాగే అనిపించింది: "అడక్కపోతే పట్టించుకోలేదనుకోదాండీ?" అందుకని అడగొద్దని ఊరికే చెప్పలేదు, చేయాల్సిన పని ఒకటి ఇచ్చాను. నొప్పంటే ఒకసారి "ఊఁ, తెలిసింది" అని, వెంటనే చేతికి ఏదో పని అందించాలి. చిక్కుళ్ళు ఒలవడం, పూలు కట్టడం. వారానికోసారి ఆదివారం సిరి తనే క్యాలెండర్ మీద ఒక్క గుర్తు వేస్తుంది. అంతకంటే లెక్క అక్కర్లేదు.

పొట్టనిండా గాలి తీసుకునే శ్వాస అందరికీ నేర్పేదే, చాలామంది పిల్లలకి బాగా పనిచేస్తుంది. సిరికి చేయిస్తే మూడో శ్వాసకే మొహం ముడిచింది. "పొట్ట కదుల్తుంటే నొప్పి ఇంకా తెలుస్తుందండి." పేగు నరాలు అంత చురుగ్గా ఉన్న పిల్ల చూపుని ముందే పొట్ట మీదకి తీసుకెళ్తే అలాగే అవుతుంది. నొప్పి లేని చోట మొదలుపెట్టాలని తేల్చుకున్నాను. తనకి చేతులు బాగా ఆడతాయి, ముగ్గులు బాగా వేస్తుంది.

సముద్రం, ఇసుక, మెల్లగా వచ్చే అలలు అన్న మామూలు పాఠం కూడా పారలేదు. అది పెద్దలు పెద్దల కోసం రాసుకున్న ప్రశాంతత. సిరి మర్యాదగా వింది, తర్వాత "అయిపోయిందాండీ?" అని అడిగింది.

అన్నిటికంటే నేర్పింది రాత్రి రికార్డింగు. నా గొంతుతో చేసిన ఆడియో పడుకునే ముందు వినమని ఇచ్చాం. మొదటి రెండు రాత్రులు తొందరగా నిద్రపోయింది, ఇల్లంతా సంబరం. మూడో రాత్రి ఆడియో అయిపోయింది, నిద్ర రాలేదు. మళ్ళీ పెట్టించుకుంది. మళ్ళీ. తల్లి పక్కన కూర్చుని "వచ్చిందా నాన్నా?" అని అడుగుతోంది. నిద్ర కోసం ప్రయత్నించేకొద్దీ ఒళ్ళు మేలుకుంటుంది, మేలుకున్న ఒళ్ళుకి పొట్ట వినిపిస్తుంది. పైగా సిరి దృష్టిలో హిప్నోథెరపీ నిద్రమాత్ర అయిపోయింది. పనిచేయలేదంటే తనలోనే ఏదో లోపం ఉందన్నట్టు. ఇక అక్కడ రెండు నిర్ణయాలు తీసుకున్నాను: సాధన పగటిపూటకి మార్చడం, నిద్రని వేరే దారిలో సరిచేయడం.

పనిచేసినవి

సాయంత్రం స్కూలు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని, పాలు తాగాక సాధన. కూర్చునే చేయాలి, పడుకుని కాదు. ఆ వేళకి నొప్పి తక్కువగా ఉంటుంది. మంట లేనప్పుడే నీళ్ళు తోడి పెట్టుకోవాలి కదా అని అమ్మమ్మే అంది.

బొటనవేలి గోరు మీద స్కెచ్ పెన్నుతో నీలం చుక్క పెట్టాను. చెయ్యి చాచి దాన్నే చూడమన్నాను. చెయ్యి దానంతటదే కిందకి దిగుతున్నప్పుడు అమ్మమ్మ ఊళ్ళో తనకి బాగా నచ్చిన చోటికి వెళ్ళమన్నాను. గుడి దగ్గరికో మామిడితోటకో వెళ్తుందనుకున్నాను. "లాకుల దగ్గరున్నానండి" అంది. డెల్టాలో పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. కాటన్ ఆనకట్ట నాటి నుంచి ఆ కాలవల మీద లాకులున్నాయి, తూములున్నాయి, వాటి తలుపులు ఎత్తి దించే లస్కరు ఉంటాడు. ఆ ఊరి లస్కరు తాత చక్రం తిప్పుతుంటే పక్కన నిలబడి చూడటం సిరికి సెలవుల్లో పెద్ద పని.

"ఇప్పుడు చక్రం దగ్గర ఎవరున్నారు?"

"తాత లేడండి. నేనే."

కుడిచెయ్యి ఒళ్ళో ఉన్నది కాస్తా గుండ్రంగా కదలడం మొదలైంది. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి, ఒక కాలు ఊపుతూనే ఉంది. పిల్లలు ఇలాగే ఉంటారు. పెద్దవాళ్ళలా వాలిపోయి కదలకుండా ఉండాలని చూస్తే పని జరుగుతున్నా మనకి కనిపించదు. నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయని అడిగితే "ఇక్కణ్ణించి" అని ఎడమచేత్తో పొట్ట చూపించింది. పొట్ట సంగతి తనంతట తను ఎత్తడం అదే మొదలు. నీళ్ళ జోరు ఎంత కావాలో అంతకి తిప్పుకో అన్నాను. తిప్పింది, ఆపింది. పూర్తిగా మూసేశావా అంటే తల అడ్డంగా ఊపింది. "పూర్తిగా మూసేస్తే చేలకి నీళ్ళుండవు కదండీ. కొంచెం వదిలాను."

ఆ కొంచెం వదలడం నేను చెప్పాల్సిన మాట. నొప్పి అసలు తెలియకూడదని పిల్లకి ఎప్పుడూ సూచించకూడదు. రేపు అపెండిసైటిస్ వస్తే అది తెలియాలి. పాత నొప్పి తగ్గుతుంది, కొత్తది వస్తే నీకు తెలుస్తుంది, పెద్దవాళ్ళకి చెప్తావు అని ప్రతిసారీ చేర్చాను. కొన్ని నెలల తర్వాత ఒకరోజు సిరి తల్లితో "అమ్మా, ఇది లాకుల నొప్పి కాదు" అంది. కింది పొట్టలో నొప్పి, ఒంటేలుకి వెళ్తే మంట. మూత్రంలో ఇన్‌ఫెక్షన్. మందుతో తగ్గింది.

చక్రం కుదిరాక చేతుల వెచ్చదనం చేర్చాను. అరచేతులు రుద్దుకుని, వాటిలో అమ్మమ్మ తమలపాకు వేడి ఉన్నట్టు అనుకుని, ఆ చేతులు పొట్ట మీద పెట్టుకోవడం. పేగుల కోసం చేసే హిప్నోథెరపీలో చేతి వెచ్చదనం పాత పద్ధతే, ఇక్కడ ఆకు సిరి సొంతం. శ్వాస గురించి మళ్ళీ ఎత్తనే లేదు, అయినా చేతుల కింద పొట్ట నింపాదిగా లేచి పడుతోంది.

నిద్రకి చేసినది వినగానే తండ్రి "ముందే నిద్ర లేదు, ఇంకా ఆలస్యంగా పడుకోబెట్టమంటారా!" అన్నాడు. అవును. పదకొండున్నరకి నిద్రపట్టే పిల్లని తొమ్మిదింటికి పడుకోబెడితే రెండున్నర గంటలు ఆ పక్క మీద నొప్పినే నేర్చుకుంటుంది. దసరా సెలవుల్లో మొదలుపెట్టాం, బడి చెడకుండా. పదకొండుంపావు దాకా హాల్లో దీపం వెలుతుర్లో అమ్మమ్మతో అష్టాచెమ్మా, ఫోన్ లేదు, టీవీ లేదు. తర్వాతే పక్క. పొద్దున్న ఆరింటికే లేవాలి, సెలవైనా సరే, మధ్యాహ్నం కునుకు లేదు. పక్క ఎక్కిన పావుగంటలో నిద్రపడుతున్నాక పదిహేను నిమిషాల చొప్పున ముందుకి జరుపుకుంటూ వచ్చాం. కార్తీక మాసం సగమయ్యేసరికి తొమ్మిదిన్నరకి చేరింది. వ్యాను ఏడింటికి వచ్చినంత కాలం తొమ్మిది గంటల నిద్ర ఆ ఇంట్లో కుదరదు. ఎనిమిదిన్నర గంటల నిద్ర దగ్గర ఆగాం.

పడమటి దేశాల పుస్తకాలు ఈ దశలో పిల్లని వేరే గదిలో పడుకోబెట్టమంటాయి. నేను ఆ ఊసెత్తలేదు. అమ్మ పక్కన పడుకోవడం మన ఇళ్ళలో సమస్య కాదు. రాత్రంతా అమ్మ చెయ్యి పొట్ట మీద ఉండటం, గంటకోసారి నిమురుతూ అడగటం సమస్య. చెయ్యి పొట్ట మీంచి తల మీదకి మార్చమన్నాను.

స్కూలుతో ఒప్పందం చిన్నదే. ఎప్పుడడిగినా మరుగుదొడ్డికి పంపాలి. నొప్పంటే ఇంటికి ఫోన్ చేయకుండా స్టాఫ్ రూములో పది నిమిషాలు కూర్చోనిచ్చి, మళ్ళీ క్లాసుకి పంపాలి. జ్వరం, వాంతులు ఉంటే మాత్రం ఫోన్. ఆ పది నిమిషాలూ సిరి చక్రం తిప్పుకుంటుంది. బల్ల కింద చెయ్యి తిరుగుతుంటే ఎవరికీ తెలియదు.

మార్పు మెల్లగా వచ్చింది. మొదట తగ్గింది నొప్పి కాదు, బడి మానడం. తర్వాత నిద్ర. నొప్పి రోజులు తగ్గడం ఆఖరికి కనిపించింది, సంక్రాంతి నాటికి వారానికి ఒకటో రెండో. ఈ వరుస తల్లిదండ్రులకి ముందే చెప్పి ఉంచాలి, లేకపోతే నెల తిరక్కుండానే ఇదీ పనిచేయలేదనుకుంటారు.

ఇలాంటి కేసులు చూసేవారికి

ఇందులో ఎంత భాగం హిప్నోథెరపీది, ఎంత నిద్రవేళల మార్పుది, ఎంత పీఈజీ పొడిది అని ఒక్క కేసులో విడదీయలేం. నా అంచనా చెప్తాను. నిద్ర వేరుగా సరిచేయకుండా హిప్నోథెరపీ ఒక్కటే చేసి ఉంటే సగంలో ఆగేది. సరిపోని నిద్ర మర్నాడు నొప్పిని పెంచుతుంది, ఆ నొప్పి రాత్రి నిద్రని చెడగొడుతుంది. ఈ రెండింటికీ ఒకే మందు వాడాలన్న ఆశతో సాధనని పడుకునే వేళకి తోసేయడం చాలాచోట్ల చూస్తున్నాను. కొందరికి అలా కుదురుతుంది. నిద్ర కోసం యుద్ధం చేసే పిల్లకి కుదరదు.

అందరికీ నిపుణుడు దొరకడు. 2017లో నెదర్లాండ్స్‌లోనే 260 మంది పిల్లల మీద పోల్చి చూస్తే, ఇంట్లో సీడీ వింటూ చేసుకున్నవాళ్ళలో ఏడాది తర్వాత 62 శాతం మందికి, థెరపిస్టు దగ్గరికి వెళ్ళినవాళ్ళలో 71 శాతం మందికి బాగైంది. చిన్న ఊళ్ళకి ఇది మంచి వార్త. తెలుగులో రికార్డు చేసేవాళ్ళు పుస్తక భాష, ఆరున్నొక్క రాగం సాగదీత మానేస్తే చాలావరకు గట్టెక్కుతారు. పిల్లని "నువ్వు" అనండి, "మీరు" అంటే టీచర్‌లా వినిపిస్తుంది. చోటు మీరు ఎంచవద్దు, ఖాళీ వదలండి. ఒక పిల్లకి లాకులు, ఇంకో పిల్లాడికి ఆర్టీసీ డిపో. వినే ఫోన్ పిల్ల పక్కలోకి వెళ్ళకూడదు.

థెరపిస్టు దగ్గరికే వెళ్ళేట్టయితే, ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టో, ఇందులో శిక్షణ పొందిన డాక్టరో అయ్యుండాలి. పిల్లల డాక్టరు చూడకుండా కడుపునొప్పికి నేరుగా హిప్నోథెరపీ మొదలుపెట్టేవారిని, పూర్వజన్మ అనేవారిని, తల్లిని గది బయట ఉండమనేవారిని వదిలేయడమే.

సిరి ఇప్పుడు ఏడో తరగతి. రికార్డింగు వినడం మానేసింది. యూనిట్ టెస్టుల ముందు నొప్పి వస్తుంది, ఒకటి రెండు రోజులుండి పోతుంది. పాలు, గోధుమ, కారం అన్నీ మళ్ళీ తింటోంది. వేసవి సెలవుల్లో పీఈజీ మోతాదు తగ్గించి చూద్దామని గ్యాస్ట్రో డాక్టరు అన్నారు. అప్పుడు మలబద్ధకం తిరగబెడితే మళ్ళీ అక్కణ్ణించే మొదలుపెడతాం.